నట్టు మీది ఎర్ర గీత

ఆయన పని చేస్తున్న గదిలోకి వెళ్ళేవారికి ముందు మనిషి కనబడడు, తిట్టు వినబడుతుంది. "ఈ కన్నం పెట్టిన మహానుభావుడెవరు? వాలు బయటికుండాలా, లోపలికుండాలా? రేపు నీళ్ళన్నీ వీళ్ళ మంచం మీద కారితే ఆయనొచ్చి దుప్పటి పిండుతాడా?" అని నిచ్చెన మీద నిలబడి గోడను నిలదీస్తూ ఉంటాడు. గోడ ఎదురు చెప్పదు కనుక ఆ వాదం చాలాసేపు సాగుతుంది. స్ప్లిట్ ఏసీలు బిగించే పనిలో ఇరవై ఎనిమిదేళ్ళు గడిపిన ఈ మనిషిని మా పేటలో అందరూ సబ్బు మేస్త్రి అంటారు.

ఆ పేరు మెచ్చుకోలుగా పుట్టలేదు, విసుగులోంచి పుట్టింది. దాని వెనక ఉన్న పనిని కొంచెం వివరించాలి. స్ప్లిట్ ఏసీకి రెండు పెట్టెలుంటాయి, గదిలో ఒకటి, బయట ఒకటి. రెండింటినీ కలిపేవి రెండు రాగి గొట్టాలు. చల్లబరిచే గ్యాసు వాటిలోనే తిరుగుతుంది. గొట్టం కొసను బాకా మూతిలాగా విప్పార్చి, పెట్టె నుంచి వచ్చే మొనకు ఆనించి, ఇత్తడి నట్టుతో బిగిస్తారు. విప్పారిన ఆ మూతిని ఫ్లేర్ అంటారు. మొత్తం నాలుగు కొసలు, నాలుగు నట్లు. ఏసీ ప్రాణమంతా ఆ నాలుగు చోట్లే ఉంటుంది. తక్కువ బిగిస్తే గ్యాసు పోతుంది; ఎక్కువ బిగిస్తే రాగి మూతి చిట్లి, అప్పుడూ గ్యాసే పోతుంది.

తక్కినవారు ఈ పనిని గంటలో ముగిస్తారు. గొట్టంలోని గాలిని యంత్రంతో లాగే ఓపిక లేక, కొంచెం గ్యాసు వదిలి ఆ తోపుతోనే బయటికి గెంటి, చల్లగాలికి ఇంటివారి చెయ్యి అడ్డం పెట్టించి, "చూశారా, మంచు!" అని వెళ్ళిపోతారు. సబ్బు మేస్త్రికి అర పూట పడుతుంది. కోసిన రాగి అంచు గరుకును గీకేటప్పుడు గొట్టం మూతిని నేలవైపు వంచుతాడు, పొడి లోపల పడకూడదని. ఎంత బిగియాలో అంత బిగియగానే 'టక్' మనే రెంచి తప్ప మరో స్పానరు నట్టు దగ్గరికి రానివ్వడు. తరవాత గొట్టాల్లోకి నైట్రోజన్ వాయువును ఒత్తిడితో ఎక్కించి, పాత గడ్డం బ్రష్షుతో నట్టు చుట్టూ సబ్బు నురగ పూసి, గడియారం చూస్తూ పది నిమిషాలు కూర్చుంటాడు. బుడగ లేవకూడదు. ఆ పది నిమిషాలూ ఎవరు తొందరపెట్టినా ఒకటే సమాధానం: "మీరు పుట్టడానికి తొమ్మిది నెలలు ఆగారు కదా, పది నిమిషాలు ఆగలేరా?"

అంతా అయ్యాక నురగ తుడిచి, జేబులోంచి చిన్న సీసా తీసి, నట్టు మీదనుంచి మొన మీదికి అడ్డంగా ఒక ఎర్ర గీత గీస్తాడు. తరవాత ఎవరైనా ఆ నట్టును వెంట్రుకవాసి తిప్పినా గీత రెండు ముక్కలై, ముక్కలు ఎడంగా నిలబడతాయి. ఆ సీసాలో ఉండేది గోళ్ళ రంగు. మొదటి సీసాను బట్టల దుకాణంలో పనిచేసే ఆయన భార్య, పెళ్ళయిన కొత్తలో తనకోసం కొనుక్కుంది. "ఆ సీసా నా గోళ్ళకు తగిలింది రెండు సార్లండీ. మిగతాదంతా, ఆ తరవాత కొన్నవన్నీ నట్లకే. ఈ పాతికేళ్ళలో ఆయన చేత సింగారం చేయించుకున్నవి ఈ ఊళ్ళో నట్లే" అని ఆమె అంటుంది.

సబ్బు నురగ అలవాటు ఎలా వచ్చిందో ఆయనే ఒకసారి చెప్పాడు. పనిలోకి వచ్చిన మొదటి ఏడు ఒక ముసలావిడకు మూడో అంతస్తు గదిలో ఏసీ బిగించి, భోజనం వేళకు ముగించాలన్న తొందరలో గంటలో దిగిపోయాడట. నాలుగు రోజులకు వేరే పనిమీద ఆ మెట్లెక్కితే, ఆవిడ తలుపు తీసి పెట్టుకుని మడిచిన పేపరుతో విసురుకుంటోంది. గ్యాసంతా పోయింది. "వస్తావని తెలుసు బాబూ, పని ఎక్కువై ఉంటుంది" అన్నదట.

"ఆవిడ తిట్టుంటే ఆ రోజే మర్చిపోయేవాణ్ణి సార్. తిట్టలేదు. ఆవిడ తిట్టని తిట్లన్నీ అప్పట్నించీ నేనే తిడుతున్నాను" అన్నాడు.

కోపం గుణమని నేను అనను. ఆయన నోటివల్ల కొన్ని ఇళ్ళ పని పోగొట్టుకున్నాడు. వాటిలో రెండు మూడు చోట్ల తప్పు ఆయనదే. కానీ నేను రాయబోయే సంగతిలో ఆ కోపం న్యాయమైనది. అన్యాయం జరిగింది కొంతవరకు నా సంతకంతో. అందుకే రాస్తున్నాను.

మా పేటలో చిన్నపిల్లల ఆసుపత్రి ఒకటి ఉంది. దాన్ని నడిపే సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. ఎండలు ముదరకముందే మందుల గదికి కొత్త ఏసీ పెట్టించాము. కంపెనీ తరఫున వచ్చి బిగించినవాడు సబ్బు మేస్త్రి. ఆయనకు పైన సూపర్‌వైజరు ఉన్నాడు. అతడు మేస్త్రికి స్వయానా బామ్మర్ది, భార్య తమ్ముడు. పని నేర్పింది బావే. మూడేళ్ళు నిచ్చెన పట్టుకున్నాక, చేతికన్నా మాటకు విలువెక్కువని గ్రహించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సూపర్‌వైజరయ్యాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మావాడికి ఊరేం కర్మ, కంపెనీయే మంచిదయింది" అని మేస్త్రి దెప్పుతూ ఉండేవాడు. అందులో అసూయ లేదనలేను. ప్రేమ లేదనీ అనలేను.

బిగించిన ఇరవై అయిదో రోజున మందుల గది వేడెక్కిపోయింది. చల్లగా ఉండవలసిన మందులు నాలుగు అరల నిండా పారేయవలసి వచ్చింది. పిల్లల మందులు. ఆ అట్టపెట్టెలు పెరట్లో గుట్టగా పడి ఉండగా చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. సూపర్‌వైజరు వచ్చాడు, పరిశీలించాడు, నివేదిక ఇచ్చాడు: లోపలి పెట్టె దగ్గరి జాయింటులో గ్యాసు కారింది, దానిమీద మేస్త్రి గీసిన ఎర్ర గీత చెక్కుచెదరకుండా ఉంది, కాబట్టి ఆ జాయింటును మేస్త్రి తరవాత ఎవరూ ముట్టుకోలేదు, లోపం మొదటి బిగింపులోనిదే.

వాదం వినడానికి నిర్దుష్టంగా ఉంది. నేను దాని కిందనే కంపెనీకి ఫిర్యాదు రాసి సంతకం పెట్టాను. రెండో పక్షం మాట వినకుండా నిర్ణయానికి రాకూడదని ఉద్యోగంలో ఉన్నంతకాలం కిందివారికి బోధించినవాణ్ణి నేనే. పారేసిన మందుల గుట్ట కళ్ళముందు ఉండగా ఆ బోధ గుర్తు రాలేదు.

వారం తిరక్కుండానే ఒక ఉదయం మేస్త్రి మా వరండాలో ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో కంపెనీ ఉత్తరం. తప్పు ఒప్పుకుని సంతకం చేస్తే మందలింపుతో సరి. చేయకపోతే ఫిట్టర్ల జాబితాలోంచి పేరు కొట్టివేత. జవాబు చెప్పడానికి మర్నాటి వరకే గడువు.

"మీరేనా సార్ రాసింది, నా జాయింటు కారిందని?"

"నేనే."

"మీరు చూశారా?"

"చూడలేదు. మీ బామ్మర్ది చూసి చెప్పాడు."

"వాడు చూసి చెప్పాడు. మీరు విని రాశారు. కంపెనీ చదివి నమ్మింది. మధ్యలో ఆ నట్టునెవరన్నా అడిగారా సార్?"

గొంతు వీధిలోకి వినబడుతోంది. నాకూ కోపం వచ్చింది. "అడిగాడట. నీ ఎర్ర గీత చెక్కుచెదరలేదట. గీతే సాక్ష్యమని నువ్వే కదా ఊరంతా చెబుతావు?" అన్నాను.

అంతవరకు వరండా దద్దరిల్లేలా మాట్లాడిన మనిషి చేతిలోని ఉత్తరాన్ని మళ్ళీ విప్పి చూశాడు. నివేదికలో గీత ప్రస్తావన ఉందని ఆయనకు తెలియదు. కంపెనీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. నెమ్మదిగా మెట్టుమీద కూర్చున్నాడు.

"గీత కలిసే ఉందా?"

"కలిసే ఉందని రాశాడు."

తన అరచేతులు రెండూ చాపి చూసుకున్నాడు. రాగి పొడి ఇంకిన గీతలు, బొటనవేలి మీద కాయ. తరవాత అన్నాడు: "గీత కలిసుండి నురగ లేచిందంటే తప్పు నాదే సార్. ఇంకో మాట లేదు. నా కళ్ళతో చూస్తాను. చూసి, సంతకం పెడతాను. పెట్టి, సామాను సంచీ ఎవరికన్నా ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను. పది నిమిషాలు కూర్చుని చూసి కూడా పసిగట్టలేనివాడికి ఇంక రెంచి ఎందుకు?"

లేచి వెళ్ళబోతూ వెనక్కి తిరిగాడు. "ఒక్క ఉపకారం చెయ్యండి. ఆ గదికి తాళం వేసి చెవి మీ దగ్గరే ఉంచుకోండి. వాడికివ్వొద్దు. నాకూ ఇవ్వొద్దు."

తనకు కూడా తాళంచెవి ఇవ్వవద్దన్న మనిషి నిర్దోషి అని దానివల్ల రుజువు కాదు. కానీ త్రాసులో ఆ మాటకు కొంత బరువు ఉంటుంది. నేను చొక్కా మార్చుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

మందుల గది బాధ్యత చూసే నర్సు రోజుకు మూడుసార్లు అక్కడి వేడిమి కొలిచి పుస్తకంలో రాస్తుంది. ఆ పుస్తకాన్ని నేను ఫిర్యాదు రాయకముందు చదవవలసింది; రాసిన తరవాత చదివాను. మొదటి పద్నాలుగు రోజులూ మూడు పూటలా అవే అంకెలు, ఇరవై రెండు, ఇరవై రెండు, ఇరవై మూడు. ఒక్క అంకె అటూ ఇటూ లేదు. పదిహేనో రోజు మధ్యాహ్నం ఇరవై ఏడు. పక్కన నర్సు చేతిరాత: 'అల్మరా కోసం ఏసీ రెండు గంటలు ఆపారు.' ఆ మర్నాటినుంచి ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, మెట్లెక్కుతున్నట్టుగా ముప్ఫై ఒకటి దాకా.

"అల్మరాకీ ఏసీకీ ఏమిటమ్మా సంబంధం?" అని అడిగాను.

"డాక్టరుగారు కొత్త అల్మరా తెప్పించారు కదండీ. అది ఆ గోడకే పట్టాలి. ఏసీ పెట్టె అడ్డమొచ్చింది. సూపర్‌వైజర్ గారొచ్చి పెట్టెని జానెడు పక్కకి జరిపారు."

"మేస్త్రి రాలేదా?"

"ఆయనొస్తే నాకు తెలీకపోవడమా? పక్క వార్డులో పిల్లలు కూడా లేచి కూర్చుంటారు." నవ్వి, ఏదో గుర్తొచ్చి మొహం ముడుచుకుంది. "ఆ సూపర్‌వైజర్ గారు బోర్డు మీద రాసుకునే నా ఎర్ర పెన్ను అడిగి పట్టుకెళ్ళారండీ. ఇప్పటిదాకా తిరిగివ్వలేదు. పెద్ద ఉద్యోగం చేసేవాళ్ళకి ఒక పెన్ను లెక్కా?"

ఆ చివరి మాటను నేను నర్సుల గొణుగుడు కింద జమకట్టి వదిలేశాను. పెట్టెను జరిపిన సంగతి నివేదికలో లేదు. అది చాలు అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ పిలిపించాను.

సూపర్‌వైజరు ముందే వచ్చి గుమ్మంలో ఫోను చూసుకుంటున్నాడు. మేస్త్రి నైట్రోజన్ సిలిండరును భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. బామ్మర్ది సాయం పట్టబోతే భుజం తిప్పేశాడు.

"బావా, ఎందుకీ రభస? ఒక్క సంతకం. ఆరు నెలలు పోతే ఎవడికి గుర్తుంటుంది?"

"నాకుంటుంది."

"అక్క పొద్దుట్నించీ ఏడుస్తోంది."

"మీ అక్క ఏడవట్లేదురా. నిన్న నువ్వొచ్చి సంతకం పెట్టించు, సంతకం పెట్టించు అని మూడుసార్లన్నావట. 'మావాడికి మీమీద ఇంత ప్రేమ ఎప్పట్నించండీ?' అని నన్నే అడిగింది."

నేను తాళం తీశాను. గదిలో మందులు లేవు, మూసిన వాసన ఉంది. మేస్త్రి పెట్టె కింది మూత ఊడదీసి, నల్ల స్పాంజి తొడుగు మీది టేపు విప్పాడు. తొడుగు లోపలంతా జిడ్డు. గ్యాసు పోయేటప్పుడు నూనెను వెంట తీసుకుపోతుందని, జిడ్డున్న చోటే కన్నం ఉన్నట్టని ఆయన ఎవరికీ కాకుండా చెప్పుకున్నాడు. నట్టు బయటపడింది. దానిమీద ఎర్ర గీత. నట్టు మీదనుంచి మొన మీదికి, తిన్నగా, తెగకుండా ఉంది.

"చూశారా సార్? నేను కల్పించి రాయలేదు" అన్నాడు సూపర్‌వైజరు.

మేస్త్రి నిచ్చెన దిగి, సిలిండరు గొట్టం బిగించి, ఒత్తిడి పెట్టాడు. మళ్ళీ ఎక్కి డబ్బాలో బ్రష్షు ముంచాడు.  నురగ పూసిన అర నిమిషానికే బఠాణీ గింజంత బుడగ లేచింది, పగిలింది, ఇంకొకటి లేచింది. సందేహం లేదు, కారుతున్నది అక్కడే.

ఆయన నిచ్చెన మీదే తల గోడకు ఆనించి నిలబడ్డాడు. "కలం ఇవ్వండి సార్" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు అరిచిన మనిషి గొంతు కాదది.

నేను జేబులోకి చెయ్యి పెట్టాను. అప్పుడే గుమ్మం దగ్గర నుంచి నర్సు, "అదేంటండీ, నురగ అలా గులాబీ రంగుగా ఉంది?" అంది.

మేస్త్రి తలెత్తాడు. నురగ గులాబీ రంగులో నట్టు కిందనుంచి జారుతోంది. బ్రష్షు కుచ్చు కూడా ఎర్రబడింది. బొటనవేలితో నట్టును ఒక్కసారి తుడిచాడు. గీత లేదు. ఇత్తడి మాత్రం ఉంది, దానిమీద పెద్ద స్పానరు కొరికిన పళ్ళగాట్లు, ఒక అంచున గీకగా మిగిలిన గోళ్ళ రంగు పెచ్చు.

ఆయన నిచ్చెన దిగి, బ్రష్షూ డబ్బా పట్టుకుని, వెనక వరండాలో ఉన్న బయటి పెట్టె దగ్గరికి నడిచాడు. అందరం వెనకే వెళ్ళాం. అక్కడి రెండు నట్ల మీదా ఎర్ర గీతలున్నాయి. వాటికి నురగ పూశాడు, రుద్దాడు, మళ్ళీ రుద్దాడు. నురగ తెల్లగానే ఉంది. గీతలు కదలలేదు. పోల్చి చూడడానికి అంతకన్నా మంచి పరీక్షను నేను కూడా ఏర్పాటు చేయగలిగేవాణ్ణి కాను.

"సబ్బుకి కరిగేది గోళ్ళ రంగు కాదు సార్. సిస్టరమ్మా, మీ పెన్ను దొరికింది" అన్నాడు మేస్త్రి.

తరవాత వచ్చిన అరుపుకు నిజంగానే పక్క వార్డులో పిల్లలు లేచారు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టానురా! జాయింటు విప్పావు, సరే. విప్పనివాడెవడు? నీ యమపాశంలాంటి స్పానరేసి చిట్లగొట్టావు, సరే. చేతకానివాడెవడు? నా గీత గీశావే! నా గీత గీసి, దాన్నే చూపించి, నా చేతే సంతకం పెట్టించబోయావే! బామ్మర్ది బతుకు కోరతాడని సామెత పుట్టించినవాడికి బామ్మర్దే లేడురా, నేను రాసిస్తాను!" చేతిలోని డబ్బా నేలకేసి కొట్టాడు. సబ్బు నీళ్ళు సూపర్‌వైజరు ఇస్త్రీ ప్యాంటు మీద చిందాయి. నేను ఆపలేదు. ఆపవలసింది, ఆసుపత్రి కనుక; మనసు రాలేదు.

సూపర్‌వైజరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాటకారితనమంతా ఎటుపోయిందో, చిన్నపిల్లవాడిలా అన్నాడు: "కారుతుందని తెలిసి గీశానా బావా? డాక్టరుగారు తొందరపెట్టారు. గాలి లాగే పంపు బండిలో లేదు. నీ రెంచి నీ దగ్గరుంది. ఉన్నదాంతో బిగించాను. గీత లేకపోతే సర్వీసుకొచ్చినప్పుడు నువ్వు నలుగురిలో నా పరువు తీస్తావు. ఆ భయంతో గీశాను."

"తరవాత కారిందని తెలిసింది కదరా?"

"తెలిసింది. చెప్తే నా ఉద్యోగం పోయేది."

"అందుకని నాది పోతే ఫరవాలేదు."

"నీకు మందలింపే కదా బావా... నువ్వెప్పుడూ నిచ్చెన పనిలోనే ఉన్నవాడివి, అంతకన్నా కిందపడేదేముంది అనుకున్నాను."

ఆ జవాబు విని నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. అయినా తూకం తప్పకూడదు కనుక రాస్తున్నాను. అతడు మొదట గీసిన గీత భయంవల్ల గీసినది. ఆ భయానికి మేస్త్రి నోరు కూడా కొంత కారణం. తిట్లు తినడమే తప్ప జరిగింది చెప్పుకునే వీలు లేని చోట మనుషులు తప్పును దాస్తారు. కానీ తరవాత రాసిన నివేదిక భయం కాదు, ఆలోచించి చేసిన పని. మొదటిదాన్ని క్షమించవచ్చు. రెండోదానికి నేను సాక్షి సంతకం చేశాను.

మేస్త్రి లోపలికి వెళ్ళి, సామాను సంచీ తెచ్చి బామ్మర్ది కాళ్ళ దగ్గర పెట్టాడు.

"చెయ్యి."

"ఏంటి బావా?"

"ఫ్లేర్. నువ్వు చెడగొట్టిందాన్ని నువ్వే చెయ్యాలి. నేను ముట్టుకోను."

సూపర్‌వైజరు చొక్కా చేతులు పైకి మడిచాడు. చిట్లిన మూతిని కోసేశాడు. అంచు గీకబోతుంటే, "కిందికి!" అని గద్దింపు వినబడింది, గొట్టం మూతి చప్పున నేలవైపు వంగింది. పనిముట్టులో బిగించి నింపాదిగా మూతి విప్పార్చాడు. చక్కగా, గుండ్రంగా, అద్దంలా వచ్చింది. మొహం వెలిగింది. గొట్టాన్ని మొనకు ఆనించి నట్టు కోసం చూసుకున్నాడు. నట్టు కిటికీ గూట్లో కూర్చుని ఉంది.

నట్టును ముందే గొట్టానికి తొడగకుండా మూతి విప్పారిస్తే, ఇక అది ఆ మూతి దాటి ఎక్కదు. కోసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ వృత్తిలో ప్రతివాడూ మొదటి నెలలో చేసే తప్పు అది. మొదటి నెల దాటాక చేస్తే చెప్పుకోరు. నర్సు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొయ్యి. పైపు కురచవుతోంది, నీ సంజాయిషీ పొడుగవుతోంది. కొయ్యి" అన్నాడు మేస్త్రి.

రెండోసారి నట్టు ఎక్కింది, మూతి వచ్చింది, రెంచి 'టక్' మంది. ఆనక రెండో గొట్టానిది కూడా అంతే. నైట్రోజన్ పెట్టారు, నురగ పూశారు. మేస్త్రి స్టూలు మీద కూర్చుని గడియారం చూశాడు. ఆ పది నిమిషాలూ తొందరపెట్టే అర్హత ఆ గదిలో ఎవరికీ లేదు. బుడగ లేవలేదు. పంపు పెట్టి అరగంట గాలి లాగారు. గ్యాసు నింపారు. చల్లగాలి మొదలయింది, దాన్ని చూడమని ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టలేదు.

సూపర్‌వైజరు నట్లు తుడిచి, సంచీలోని ఎర్ర రంగు సీసా వైపు చెయ్యి చాచాడు. మేస్త్రి సీసాను తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎర్రది నాది. నువ్వు చేసినదానికి నా గీత ఉండదు, మంచిగా చేసినా సరే. నీకు వేరే రంగు కొనుక్కో. రేపది కారితే ఎవరి నట్టో తెలియాలి."

అప్పుడు నావైపు తిరిగాడు. జేబులోంచి కంపెనీ ఉత్తరం తీసి ఇచ్చాడు, సంతకం చోటు ఖాళీగా. "మీరు కూడా సార్. ఈసారి చూసి రాయండి."

అక్కడే, మందుల గది బల్లమీద కూర్చుని రాశాను. వేడిమి పుస్తకంలోని అంకెలు, రెండు రకాల నురగ, నట్టుమీది పళ్ళగాట్లు, బోర్డు పెన్ను, అన్నీ. నా మొదటి ఫిర్యాదు విచారణ లేకుండా రాసినదనీ, మేస్త్రిని నిందించినంతవరకు దాన్ని ఉపసంహరించుకుంటున్నాననీ మొదటి వాక్యంగానే పెట్టాను. కంపెనీ మేస్త్రి పేరును జాబితాలో ఉంచింది. ఒక్క క్షమాపణ మాట రాయలేదు. సూపర్‌వైజరును మళ్ళీ ఫిట్టరు పనిలో వేసింది. మేస్త్రి ఇప్పటికీ బామ్మర్దితో నేరుగా మాట్లాడడు. ఒకే గదిలో ఉన్నా, "మీ తమ్ముణ్ణి ఉప్పు ఇటివ్వమను" అని భార్యతో చెబుతాడట. కోపం తగ్గించుకొమ్మని నేను చెప్పబోయాను. "మీరు సంతకం పెట్టడానికి ఎంతసేపు పట్టింది సార్? నాకు కోపం పోవడానికి అంతకన్నా కొంచెం ఎక్కువ పడుతుంది" అన్నాడు. 

మొన్న మందుల గదిలో నర్సు నిచ్చెన వేయించి, తొడుగు విప్పించి నాకు చూపించింది. లోపలి రెండు నట్ల మీదా ఆకుపచ్చ గీతలున్నాయి. సబ్బు నీళ్ళతో రుద్ది చూశాను. పోలేదు. ఆ రంగు సీసాను తమ్ముడికి కొనిపెట్టింది మేస్త్రి భార్యేనట.